మగ్గం గుంతలో మాటలు

మా వీధి చివర మగ్గం ఇంటి అవ్వ పోయింది. పోయిన సోమవారం తెల్లవారుతూ ఉండగా ఆ కబురు మాకు తెచ్చింది మా కూతురు సుబ్బులే. నేను అరుగు మీద కూర్చుని వేపపుల్ల నములుతున్నాను. సుబ్బులు వచ్చి గడప ముందర నిలబడింది. నా మొహం చూడలేదు. నా భుజం పక్కన గోడ మీద ఎక్కడో చూస్తూ చెప్పింది.

"నాయనా, అవ్వ సచ్చిపాయ. నేను దుప్పటి కప్పినా. తలుపు దగ్గరికేసి వచ్చినా."

అయ్యా, అమ్మా, ఈ నాలుగు ముక్కలు చదివే మీ అందరికీ ముందే చెప్పుకుంటాను. ఆ మాట విన్న క్షణం నాకు పట్టరాని సంతోషం పుట్టింది. చావు కబురు విని సంతోషించిన పాపిష్ఠివాడు వీడెవడని మీరు తిట్టుకోవచ్చు. తిట్టండి, పడతాను. కానీ ఆ మాటలు ఎవరి గొంతుతో వచ్చాయో మీకు తెలియాలి. పదిహేనేండ్ల మా బిడ్డ సొంత గొంతుతో వచ్చాయి. ఆ గొంతు కోసం అవ్వ పదేండ్లు కూర్చుంది. అది చెప్పకపోతే ఆమె గురించి నేను ఏమీ చెప్పనట్టే.

నేను పెద్దగా చదువుకున్నవాణ్ణి కాను. ఐదో తరగతితో బడి మానేశాను. ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు బస్సుకు కండక్టరుగా చేరి, జమ్మలమడుగుకూ, కొన్నాళ్ళు ముద్దనూరు మీదుగా పులివెందులకూ తిరిగి తిరిగి ముసలివాణ్ణయ్యాను. టికెట్ల మీద ఊర్ల పేర్లు రాసిన చేత్తోనే ఇది రాస్తున్నాను. తప్పులుంటే మన్నించండి.

సుబ్బులు మాకు లేక లేక పుట్టిన బిడ్డ. నాకు నలభై దాటాక పుట్టింది. ఏమి అందం! కానీ పిలిస్తే పలకదు. ఎత్తుకుంటే కట్టెలాగా బిగుసుకుంటుంది. బస్సు హారను వినిపిస్తే చెవులు మూసుకుని తలను గోడకేసి కొట్టుకుంటుంది. నా సంచిలోని చెల్లిపోయిన టికెట్లను వరుసగా పేర్చి, మధ్యలో ఒకటి జరిగితే పొద్దుగూకేదాకా ఏడుస్తుంది. డాక్టరుకు చూపించాను. చెవుడు లేదన్నాడు, మూగ కాదన్నాడు, ఏమిటో మాత్రం చెప్పలేకపోయాడు.

మూగ కాదన్నది నిజమే. అది మాట్లాడేది. అదే మా భయం.

కర్నూలు రాజధానిగా కొత్త రాష్ట్రం వచ్చిన ఏడు మా అమ్మ పోయింది. సుబ్బులుకు అప్పుడు నాలుగేండ్లు. బిడ్డకు శవాన్ని చూపించకుండా పక్కింట్లో పెట్టి, పెన్న ఒడ్డున పూడ్చి వచ్చాము. తర్వాత బిడ్డ ఇల్లంతా వెతుకుతుంటే నా భార్య, "మీ జేజి ఊరికి పోయింది, బస్సులో వస్తాదిలే" అనింది. నేనూ అవునన్నాను. కండక్టరు కూతురికి అంతకంటే నమ్మకమైన మాట ఏముంటుంది?

రెండు నెలలు గడిచాయి. మంచి ఎండాకాలం. ఆకాశంలో మబ్బు తునక లేదు. సాయంత్రం నేను డ్యూటీ దిగి ఇంటికి వచ్చి చొక్కా విప్పుతున్నాను. నా భార్య పొయ్యి దగ్గర ఉంది. బయటి నుంచి తలుపు తట్టిన చప్పుడు. ఆ వెంటనే మా అమ్మ గొంతు.

"ఎవురుండారు లోపల? తలుపు తీయండ్రా, బిడ్డ తడుస్తాండాది!"

మా అమ్మ గొంతు లాంటి గొంతు అనుకునేరు, కాదు. మా అమ్మకు పై పన్నొకటి ఊడి, 'స' అన్నప్పుడల్లా గాలి పోయేది. ఆ గాలితో సహా వినిపించింది. నా భార్య చేతిలోని గరిటె పడిపోయింది. నేను తలుపు తీశాను. వాకిట్లో సుబ్బులు ఒక్కతే నిలబడి ఉంది. తలుపు తీసిన నన్ను చూడకుండా, నా వెనకాల చీకటిగా ఉన్న ఇంట్లోకి చూస్తోంది.

అది మొదలు ప్రతి సాయంత్రం, నేను వచ్చిన కాసేపటికి అదే తట్టుడు, అదే గొంతు, అదే మాట. వీధి వీధంతా తలుపులు మూసుకునేది. "ముసిల్ది బిడ్డను పట్టుకునింది" అన్నారు. నా భార్య బిడ్డకు అన్నం గిన్నెలో పెట్టి దూరంగా జరిపేది. తల్లి బిడ్డను చూసి భయపడితే ఆ ఇల్లు ఎట్లా ఉంటుందో చెప్పడానికి నా దగ్గర మాటలు లేవు.

జమ్మలమడుగు దాటి కొండల వైపు రెండు మైళ్ళు నడిస్తే, దయ్యాలు వదిలించే ఒకడుండేవాడు. నలభై రోజులు అక్కడ వదిలిపెట్టమన్నాడు. నేను వదిలిపెట్టి వచ్చాను. నా బిడ్డ కాలికి వాడు తాడు కడుతుంటే, నేను నా చేతులతోనే ఆ కాలిని పట్టుకున్నాను. ఈ మాట రాయకుండా పోవచ్చు. రాయకపోతే అవ్వకు అన్యాయం చేసినట్టు.

మూడో రోజు బస్సు బయలుదేరబోతోంది. మా వీధి చివరింటి అవ్వ చంకలో మూటతో ఎక్కి ముందు సీట్లో కూర్చుంది. అప్పటికే డెబ్బై దగ్గర పడిన మనిషి. భర్త పోయినా, ఇంట్లో రెండు మగ్గాల్లో ఒకటి ఆడిస్తూ ఒంటరిగా బతికేది. అంతకుముందు ఆమెతో నేను పది మాటలు కూడా మాట్లాడి ఉండను.

డ్రైవరు వెనక్కి తిరిగి, "యేమవ్వా, మూట గట్టినావు, యాడన్నా పెండ్లా?" అన్నాడు.

"నీకే జూస్తాండాలే సంబంధం. ముందు చూసి తోలు."

నేను టికెట్ పుస్తకం పట్టుకుని వెళ్ళాను. "యాడికవ్వా?"

"నువ్వు బిడ్డను యాడ ఇడిసిపెట్టినావో ఆడికి కొట్టప్పా టికెట్టు."

బస్సులో అందరూ నా వైపే చూస్తున్నారు. ఆమె గొంతు తగ్గించింది. "మూడు దినాలుగా సూస్తాండా. పొద్దుగూకితే మీ వాకిట్లో సద్దు లేదు. మన వీధోళ్ళంతా హాయిగా నిద్రపోతాండారు. నాకు పట్టడం లే."

జమ్మలమడుగులో డ్యూటీ ఇంకొకడికి అప్పజెప్పి ఆమెతో నడిచాను. ఆ దయ్యాలవాడి కొట్టం కనబడకముందే మాటలు వినిపించాయి. ఒక ముసలాయన కొడుకును పిలుస్తున్నాడు. ఒక ఆడమనిషి లాలి పాడుతోంది. ఇంకొకడు ఎవరినో బూతులు తిడుతున్నాడు. అబ్బ, చాలామందే ఉన్నారు, బిడ్డకు తోడుంది అనుకున్నాను. దగ్గరికి పోయి చూస్తే రాతి గుంజలకు కట్టేసిన ఏడెనిమిది మందీ నోళ్ళు మూసుకుని కూర్చుని ఉన్నారు. ఒక్కరి పెదవి కదలడం లేదు. అందరూ ఒకే వైపు చూస్తున్నారు.

అందరి గొంతులూ చివరి గుంజ దగ్గర కూర్చున్న నా బిడ్డ నోట్లో నుంచి వస్తున్నాయి.

"నా కొడుక్కు చెప్పండప్పా, నాకు బాగైపాయనని" అని అది అంటుంటే, పక్క గుంజకున్న ముసలాయన తన మాటే తాను వింటూ కండ్లనీళ్ళు కారుస్తున్నాడు. దయ్యాలు వదిలించేవాడు దూరంగా చెట్టు కింద కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూడగానే లేచి వచ్చాడు.

"తీసకపోండి సామీ, మీకు దండం పెడతా. నిన్నట్నుంచి నా గొంతుతోనే నన్ను దబాయిస్తాంది."

నేను బిడ్డను ఎత్తుకోవడానికి పరిగెత్తబోయాను. అవ్వ నా చెయ్యి పట్టుకుని ఆపింది. తానే వెళ్ళి తాడు విప్పింది. విప్పి, బిడ్డను తాకకుండా, రెండు గజాల దూరంలో వీపు దాని వైపు పెట్టి కూర్చుంది. మూట విప్పి నూలు తీసి, కండె చుట్టడం మొదలుపెట్టింది. మగ్గంలో అటూ ఇటూ ఆడే నాడెలో నూలు చుట్టి పెట్టే చిన్న పుల్ల అది. చేత్తో చుట్టడం ఎప్పటికి తెమిలేను? ఎండ నెత్తిమీదకి వచ్చింది. ఆమె చుడుతూనే ఉంది. ఒక్కొక్క గొంతూ ఆగిపోతూ వచ్చింది. చివరికి ఏ చప్పుడూ లేదు. ఎప్పుడు జరిగిందో నేను చూడనే లేదు, సుబ్బులు ఆమె పక్కన కూర్చుని తిరుగుతున్న కండెను చూస్తోంది.

"మనిషికి ముందు చోటియ్యల్లప్పా, మాట తర్వాత" అనింది అవ్వ. నాతోనే అనింది గానీ, నా వైపు తిరగలేదు.

తిరిగి వచ్చేటప్పుడు దారిలో తన కథ చెప్పింది. ఆమెది పులివెందుల దగ్గర వేముల. ఆమెకొక చెల్లెలుండేదట. సుబ్బులు మాదిరే. అట్లాంటి చోటికే తీసుకుపోయి గుంజకు కట్టి వచ్చారట. "మా నాయన నెల దాటినాక పోయినాడు. గుంజ ఉండాది. తాడు ఉండాది. ఏమైందని అడిగితే ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెప్పినారంట. ఆ పొద్దు నాకు పన్నెండేండ్లు. ఇంట్లో నేను గూడా ఎవురినీ ఏమీ అడగలే." ఇంతే చెప్పింది. ఆ చెల్లెలి పేరు కూడా చెప్పలేదు.

ఇంటికి చేరాక నన్ను కూర్చోబెట్టి అడిగింది. "మీ యమ్మ ఆ తలుపు మాట బతికుండంగా ఎప్పుడన్నా అనిందా?"

నాకు గుర్తొచ్చింది. మా అమ్మ పోవడానికి కొన్నాళ్ళ ముందు పెద్ద వాన పడింది. బిడ్డను చంకనేసుకుని బయటినుంచి వచ్చి తలుపు తట్టింది. రేకుల మీద వాన చప్పుడుకు మాకు చాలాసేపు వినబడలేదు. ఆ పొద్దు అనిన మాట అది.

"మరి జేజి వస్తాదని చెప్పినారా బిడ్డకు?"

"బస్సులో వస్తాదని చెప్పినాము అవ్వా."

అవ్వ తల పట్టుకుంది. "అయ్యో కండక్టరప్పా! రోజూ నువ్వు బస్సు దిగి వస్తావు. నీతో జేజి రాదు. రావాల్సిన మనిషి రాకపోతే, ఆ మనిషి బదులు అదే వచ్చి తలుపు తడతాంది. ఇంకేం జేస్తాది? దయ్యమూ లే, గియ్యమూ లే. మీరు చెప్పిన అబద్ధాన్ని మీ బిడ్డ ఒక్కతే మోస్తాంది. ఈ బిడ్డకు ఉన్న మాటే చెప్పల్ల. తియ్యగా జేసి చెప్పినావంటే పట్టుకుని యేలాడతాది."

మరుసటి రోజు పొద్దున బిడ్డను పెన్న ఒడ్డుకు తీసుకుపోయాను. అవ్వ దూరంగా నిలబడింది. మట్టి దిబ్బ చూపించి, "జేజి ఈడ ఉండాది తల్లీ. సచ్చిపాయ. బస్సులో రాదు. నేను చెప్పింది తప్పు" అన్నాను. నాలుగేండ్ల బిడ్డతో అట్లా మాట్లాడినందుకు నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

సుబ్బులు దిబ్బ మీద బోర్లా పడుకుంది. చెవి మట్టికి ఆనించింది. చాలాసేపు అట్లాగే ఉంది. తర్వాత పిడికిలితో మట్టిని మూడుసార్లు తట్టింది. "ఎవురుండారు లోపల?" అని అడిగింది, మా అమ్మ గొంతుతో. ఆ ఇసుకలో గాలి తప్ప మరో చప్పుడు లేదు. అది లేచి, పావడ దులుపుకుని, నా కంటే ముందే ఇంటి దారి పట్టింది. ఆ సాయంత్రం మా తలుపు ఎవరూ తట్టలేదు. ఆ తర్వాత ఎన్నడూ తట్టలేదు.

ఆనాటి నుంచి సుబ్బులు పగలంతా అవ్వ ఇంట్లోనే. మగ్గం కింద నేలలో గుంత ఉంటుంది. నేసే మనిషి కాళ్ళు అందులో వేలాడేసి కూర్చుంటారు. ఆమె భర్త మగ్గం ఖాళీగా ఉండేది. బిడ్డకు ఉద్రేకం వచ్చి తల కొట్టుకోబోతే, అవ్వ ఏమీ అనకుండా ఆ గుంత పైనున్న చెక్క తీసేది. సుబ్బులు అందులోకి దిగిపోయేది. రెండు వైపులా మట్టి గోడ ఒరుసుకుంటూ, ఇరుకుగా, చల్లగా. పైన ఒక మందపాటి దుప్పటి. కాసేపటికి ఏడుపు తగ్గి, లోపలి నుంచి మాటలు మొదలయ్యేవి. మా అమ్మ, నేను, డ్రైవరు, గుంజ దగ్గరి ముసలాయన, అందరూ నేల కిందినుంచి మాట్లాడేవారు. ఒకసారి పాలు పోయడానికి వచ్చిన ఆమె, ఇంట్లో ఎవరూ కనబడక, కాళ్ళ కింద నుంచి నా గొంతు "జమ్మలమడుగు, దిగేవాళ్ళు దిగండి" అనడం విని, చెంబు అక్కడే పడేసి పరిగెత్తింది. మళ్ళీ ఆ వాకిలి తొక్కలేదు. పాలు లేకుండా అవ్వ ఆరు నెలలు ఉండింది.

"పోనీలే" అనింది. "నాకు కడుపు ఉబ్బరము తగ్గింది."

ఆ గొంతులను అవ్వ ఎన్నడూ ఆపలేదు. వినేది. ఏ గొంతు ఎప్పుడు వస్తోందో చూసేది. ముసలాయన గొంతు వస్తే బిడ్డకు ఇల్లు గుర్తొచ్చినట్టు. నా బస్సు కేక వస్తే సంతోషంగా ఉన్నట్టు. బూతులు వస్తే ఎక్కడో నొప్పి ఉన్నట్టు. మొదటిసారి బూతులకు నోట్లో చూస్తే పంటి చిగురు వాచి ఉంది. డాక్టరు చెప్పలేనిది ఆమె బూతుల్లో కనిపెట్టింది!

మాటలు రాని సమయానికి మగ్గం గుంజకు నాలుగు రంగుల నూలు కట్టింది. కోపమొస్తే ఎర్రది, భయమైతే నల్లది, సంతోషమైతే పసుపుది, ఊరికే ఉంటే తెల్లది తెచ్చి చూపించమంది. ఇక్కడ మేమంతా బోల్తా పడ్డాము. బిడ్డ రోజూ ఎర్రది తెచ్చేది. ఎర్రది తేగానే నేనొక పక్క, నా భార్య ఒక పక్క "కోపమొద్దు తల్లీ, కోపమొద్దు" అని పరిగెత్తేవాళ్ళం. దాంతో దానికి నిజంగా కోపం వచ్చి పీకి పందిరేసేది. రెండు నెలలు ఇట్లా గడిచాక అవ్వ ఒకరోజు ఫక్కున నవ్వింది. తాను రోజూ కట్టుకునేది ఎర్రంచు చీర. బిడ్డకు ఎర్ర రంగంటే అవ్వ. అవ్వంటే సంతోషం. కోపానికి అది తెల్లది ఎంచుకుంది.

"మార్పించుదామా అవ్వా?" అన్నాను.

"రంగు దానిది. నేర్చుకోవాల్సింది మనము. ఇంత వయసొచ్చి నాలుగు రంగులు గుర్తుపెట్టుకోలేవా? ఎన్ని ఊర్ల పేర్లు అరుస్తావు రోజూ!"

మాటకు మాట బదులివ్వడం నేర్పడానికి అవ్వకు నాడె దొరికింది. మగ్గంలో ఇటునుంచి అటు, అటునుంచి ఇటు పరుగెత్తే నాడె. ఆమె ఒక మాట అడిగి నాడె విసిరేది. అవతలి నుంచి బిడ్డ మాట వస్తేనే నాడె తిరిగి వచ్చేది. రాకపోతే ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. ఎంతసేపైనా సరే. చీరకు గడువు మించిపోయి షావుకారు అరిచినా సరే. "దాహమైతాందా?" అంటే సుబ్బులు "దాహమైతాందా?" అనేది. తనకు దాహమైనా అట్లాగే అడిగేది. ఎదుటి మనిషి తనతో అన్న మాటనే తన మాట అనుకునేది. ఏడాదిన్నర అదే. ఒకరోజు మధ్యాహ్నం నేను డ్యూటీ నుంచి అటే వెళ్ళాను. మగ్గం ఆగి ఉంది. ఇద్దరూ కదలకుండా కూర్చుని ఉన్నారు. ఇద్దరికీ ఊపిరి ఉందా అని భయమేసేంత నిశ్శబ్దం. వెళ్ళిపోదామని వెనక్కి తిరిగాను.

"నాకు నీళ్ళు."

ఎవరి గొంతో తెలియలేదు. ఆ ఇంట్లో నేను వినని గొంతు అది. సన్నగా, కొంచెం బొంగురుగా. మా అమ్మది కాదు, నాది కాదు, నాకు తెలిసిన ఎవరిదీ కాదు. దయ్యాలన్నీ పోయాక ఇప్పుడు నిజంగా ఎవరో కొత్త మనిషి వచ్చిందని గిరుక్కున తిరిగాను. అవ్వ నా వైపు తిరిగి, "పరిచయం చేసుకోప్పా, నీ కూతురు" అనింది.

నేను అక్కడే నేల మీద కూలబడి ఏడ్చాను. తర్వాత మిఠాయి పొట్లం తెచ్చి బస్సెక్కిన ప్రతి మనిషికీ పంచాను. ఏం విశేషమని అడిగితే, "నా బిడ్డ నీళ్ళడిగింది!" అన్నాను. వాళ్ళు నన్ను ఎట్లా చూశారో నాకు అక్కరలేదు.

నా భార్య భయం అంత తొందరగా పోలేదు. అవ్వ ఆమెను కోప్పడలేదు, నీతులు చెప్పలేదు. రోజూ సాయంత్రం గడియసేపు వచ్చి బిడ్డకు వీపు చూపించి కూర్చోమంది, అంతే. "మొగం సూడద్దు. సూస్తే దానికీ బరువు, నీకూ బరువు." ఆ తల్లీ కూతుళ్ళు ఒకరికొకరు వీపులు పెట్టి, ఒకరు చిక్కుడుకాయలు ఒలుస్తూ, ఒకరు కండెలు చుడుతూ కూర్చునేవారు. ఎన్ని నెలలో నేను లెక్కపెట్టలేదు. ఒక సాయంత్రం సుబ్బులు వీపు మెల్లగా వెనక్కి వచ్చి తల్లి వీపుకు ఆనింది. నా భార్య కదలలేదు. ఒలిచిన కాయనే మళ్ళీ మళ్ళీ ఒలుస్తూ, పొద్దు గూకేదాకా అట్లాగే ఉండిపోయింది.

ఈ సంవత్సరం అవ్వకు ఆయాసం ఎక్కువై, సుబ్బులు రాత్రిళ్ళు కూడా అక్కడే పడుకునేది. నెల రోజుల ముందు నుంచి రోజూ పొద్దున సుబ్బులుతో ఒకే మాట. "అవ్వ సచ్చిపోతాది. ఊపిరి ఆగుతాది. పిలిస్తే పలకదు. చల్లగా ఉంటాది. నువ్వు పోయి మీ నాయనకు చెప్పల్ల." వీధిలో ఆడవాళ్ళు వినలేక చెవులు మూసుకున్నారు. "యేందవ్వా, చిన్నబిడ్డతో ఆ పాడు మాటలు!" అన్నారు. నేను కూడా ఒకసారి ఆపబోయాను.

"నువ్వు నోరు మూసుకోప్పా. ఇంతకుముందు నువ్వు చెప్పిన సక్కదనం చూసినాలే." నవ్వింది, దగ్గింది. తర్వాత అడిగింది, "దాన్ని దాచిపెట్టరు గదా ఆ పొద్దు? నా ముందరికి రానిస్తారు గదా?"

మాట ఇచ్చాను. ఇచ్చాను గానీ, చదివేవారా, నేను భయపడ్డాను. పదేండ్లు కష్టపడి కట్టుకున్న ఆ గొంతు ఆ రోజుతో పోతుందేమో. మళ్ళీ నేల కిందికి పోయి, ఈసారి అవ్వ గొంతుతో మాట్లాడుతుందేమో. నేను ఎన్నో రోజులు పొద్దున్నే లేచి వీధి చివరికి చెవి పెట్టి కూర్చునేవాణ్ణి.

కాబట్టి సోమవారం పొద్దున నా బిడ్డ తన గొంతుతో ఆ కబురు చెప్పినప్పుడు నా సంతోషం ఎట్లాంటిదో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

వెళ్ళి చూశాము. చెప్పింది చెప్పినట్టే ఉంది. అవ్వ మగ్గం పక్కన పడుకుని ఉంది. దుప్పటి గడ్డం దాకా సరిచేసి ఉంది. కాళ్ళ దగ్గర అంచులు సమంగా మడిచి ఉన్నాయి.

జమ్మలమడుగు నుంచి ఆమె మరిది కొడుకు, వాళ్ళ ఇంటి ఆడవాళ్ళు వచ్చారు. వస్తూనే రొమ్ము బాదుకుంటూ పెద్దగా శోకాలు తీశారు. ఇల్లు దద్దరిల్లింది. సుబ్బులు రెండు చెవులూ మూసుకుంది. మొహం తెల్లబోయింది. నా భార్య, నేను లేచి నిలబడ్డాము. వీధివాళ్ళు పక్కకు జరిగారు. అందరికీ తెలుసు ఇంక ఏమవుతుందో.

బిడ్డ చెవులు మూసుకునే నడిచి, అందరికంటే పెద్దగా ఏడుస్తున్న ముసలామె ముందర నిలబడింది.

"కొంచెం మెల్లగా యేడువు పెద్దమ్మా. నా చెవులు నొస్తాండాయి. నువ్వు యేడువొద్దని చెప్పడం లే. మెల్లగా యేడువు."

ఆ ముసలామె నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. అప్పుడు ఇంట్లో ఒకరి తర్వాత ఒకరు, చిన్నగా, నిజంగా ఏడవడం మొదలుపెట్టారు. నేను చాలా చావులు చూశాను. అంత మెల్లగా ఏడ్చిన ఇల్లు చూడలేదు.

సాయంత్రం పెన్న ఒడ్డున మట్టి వేసి, అందరూ స్నానాలకు పోయారు. నేను ఒక్కణ్ణే అక్కడే నిలబడి ఉన్నాను. సుబ్బులు వచ్చి నా పక్కన, ఒక బార దూరంలో నిలబడింది. నీళ్ళు లేని ఏటి వైపు చూస్తూ అడిగింది.

"నాయనా, నీకు యేడుపొస్తాందా?"

పదిహేనేండ్లలో నా బిడ్డ నా లోపల ఏముందని అడగడం అదే మొదటిసారి. తన దాహం, తన నొప్పి, తన కోపం చెప్పడం నేర్చుకుంది. ఇది ఎవరూ నేర్పలేదు. అవ్వ ఉండి ఉంటే, ఈ మాట ఆమెకే చెప్పేవాణ్ణి. బిడ్డకు ఉన్న మాటే చెప్పాను.

"వస్తాంది తల్లీ. సంతోషం గూడా వస్తాంది."

"రెండూనా?"

"రెండూ."

"సరే" అనింది. అని ఊరి వైపు నడక మొదలుపెట్టింది.

అప్పటికి వెలుతురు తగ్గింది. ఇసుక మీద నా పాత కాళ్ళు తొందరగా కదలవు. చూస్తుండగానే మా మధ్య దూరం పెరిగింది. నేను ఆగి ఊపిరి తీసుకున్నాను. ముందర బిడ్డ కూడా ఆగింది. వెనక్కి తిరగలేదు, పిలవలేదు. చేతులు కిందికి వదిలి, తల కొంచెం పక్కకు వంచి, అట్లాగే నిలబడింది. నేను అడుగు వేశాను. ఆ చప్పుడు చేరిన తర్వాత అది ఒక అడుగు వేసింది.